పదివేల మీటర్ల బాకీ

ఒలింపిక్ పతకాలు తొమ్మిది. ప్రపంచ ఆల్‌రౌండ్ టైటిళ్లు తొమ్మిది. ఒకే దూరంలో వరుసగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు. ఇన్ని గెలిచిన డచ్ స్కేటర్ స్వెన్ క్రామర్‌ను జనం ఎక్కువగా అడిగేది మాత్రం గెలవని ఒక్క పందెం గురించే.

2010 ఫిబ్రవరి 13. వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్‌లో అయిదు వేల మీటర్ల స్పీడ్ స్కేటింగ్ అప్పుడే ముగిసింది. ఒలింపిక్ రికార్డుతో స్వర్ణం కొట్టిన 23 ఏళ్ల డచ్ కుర్రాడు రొప్పు తగ్గకముందే టీవీ కెమెరాల ముందుకొచ్చాడు. అమెరికన్ చానెల్ ప్రతినిధి మైకు పెట్టి, ముందుగా మీ పేరు, మీ దేశం, ఇప్పుడు మీరేం గెలిచారో చెప్పండి అన్నారు. రికార్డింగులో వివరాలు సరిగ్గా ఉండటానికి అలా అడగడం టీవీవాళ్లకు మామూలే. కుర్రాడికి మాత్రం చిర్రెత్తుకొచ్చింది. మీకేమైనా మతిపోయిందా, నేను చెప్పను అనేశాడు. ఆ ముక్క ఇంటర్నెట్లో దేశదేశాలూ తిరిగింది.

పొగరన్నారు కొందరు. నాకు మాత్రం అందులో పొగరు కంటే బిత్తరపోవడమే ఎక్కువ కనిపిస్తుంది. సొంత దేశంలో పాలు పోసేవాడి దగ్గర్నుంచి రాణిగారి దాకా అతన్ని ఎరగనివాళ్లు లేరు. స్కేటింగ్ అక్కడ చలికాలపు జాతర. సరిహద్దు దాటితే ఆ జాతర ఊసే ఉండదు. మన సంగతి చెప్పనే అక్కర్లేదు. శీతాకాల ఒలింపిక్స్ మనకు రిమోట్ నొక్కుతుంటే ఒక్క క్షణం తెల్లగా మెరిసి వెళ్లిపోయే చానెల్. కాబట్టి ఆ ప్రతినిధి అడిగిన ప్రశ్ననే మనమూ అడుగుదాం. ఎవరీ క్రామర్? ఏ దేశం? ఏం గెలిచాడు?

నల్లమట్టి తవ్విన ఊరు

నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ అనే రాష్ట్రం ఉంది. సొంత భాష, సొంత జెండా, సొంత పంతం ఉన్న నేల. సరస్సులు, కాలవలు, పచ్చిక బీళ్లు, ఆవులు. అక్కడి హేరెన్‌ఫేన్ పట్నం 1551లో వెలిసింది. పొయ్యిలో మండించే పీట్ అనే నల్లమట్టిని తవ్వి అమ్ముకోవడానికి ముగ్గురు దొరలు కలిసి వేసిన ఊరది. మట్టిని పడవల మీద తరలించడానికి కాలవలు తవ్వారు. చలి ముదిరి నీళ్లు గడ్డకడితే పడవలు ఆగిపోయేవి, కాలవలే రోడ్లయ్యేవి. కొయ్య దిమ్మకు ఇనుప పలక బిగించిన స్కేట్లు కాళ్లకు కట్టుకుని జనం సంతకూ, చర్చికీ, పక్క ఊళ్లో చుట్టాలింటికీ వెళ్లేవారు. పిల్లలు వంటింటి కుర్చీని మంచు మీద తోసుకుంటూ స్కేటింగ్ నేర్చుకునేవారు. కుర్చీ పట్టుకుని నేర్చుకోవడం ఇప్పటికీ ఉంది.

ఆ నేలకు ఒక పెద్ద పండుగ ఉంది. పదకొండు ఊళ్లను కలుపుతూ గడ్డకట్టిన కాలవల మీద దాదాపు 200 కిలోమీటర్ల స్కేటింగ్ యాత్ర. డచ్చివాళ్లు దాన్ని ఎల్ఫ్‌స్టేడెన్‌టోఖ్ట్ అంటారు. దారి పొడవునా మంచు 15 సెంటీమీటర్ల మందం కడితేగాని అనుమతి ఇవ్వరు. అందుకే 1909లో మొదలైన ఈ యాత్ర ఇరవయ్యో శతాబ్దం ముగిసేలోగా జరిగింది పదిహేనుసార్లే. 1963లో మంచుతుఫాను మధ్య తొమ్మిది వేల మందికి పైగా సామాన్య స్కేటర్లు బయలుదేరితే, చివరిదాకా చేరింది 69 మంది. 1986 ఫిబ్రవరిలో జరిగిన యాత్రలో మారుపేరుతో ఒక కుర్రాడు పాల్గొన్నాడు. అతనే అప్పటి యువరాజు, ఇప్పటి రాజు విల్లెమ్ అలెగ్జాండర్.

ఆ యాత్ర ముగిసిన రెండు నెలలకు, 1986 ఏప్రిల్ 23న, హేరెన్‌ఫేన్‌లో స్వెన్ క్రామర్ పుట్టాడు. అదే ఏడాది ఆ ఊరి స్కేటింగ్ స్టేడియం థియాల్ఫ్‌కు పైకప్పు పడింది. 1967 నుంచి ఆరుబయట ఉన్న రింకు గాలీ వానా తగలని మందిరమైంది. తండ్రి యెప్ క్రామర్ స్వయంగా స్కేటర్, 1980, 1984 ఒలింపిక్స్‌లో పోటీపడ్డాడు. చెల్లెలు బ్రెఖ్ట్ కూడా అదే దారిలో నడిచింది. ఇంట్లో స్కేట్లు చెప్పుల్లా గుమ్మం దగ్గరే పడి ఉండే కుటుంబం అన్నమాట.

చివరి పదకొండు ఊళ్ల యాత్ర 1997 జనవరి 4న జరిగింది. అప్పటికి క్రామర్‌కు పదేళ్లు. 2012 ఫిబ్రవరిలో దేశమంతా ఆశపడింది గాని దక్షిణ భాగంలో మంచు చాలలేదు. పెద్దయ్యాక అతను ఎన్ని గెలిచినా, తన రాష్ట్రపు అసలు పరీక్ష రాసే అవకాశం మాత్రం అతని కెరీర్ మొత్తంలో ఒక్కసారీ రాలేదు. కాలవలు గడ్డకట్టడం మానేశాయి. క్రామర్ కాలవల మీద పుట్టిన ఆటకు పైకప్పు కింద రాజయ్యాడు.

రెండు లేన్లు, ఒక గడియారం

ఆట నియమాలు కాస్త తెలియకపోతే అసలు కథ అందదు. ట్రాక్ చుట్టుకొలత 400 మీటర్లు. ఒక్కో పందెంలో ఇద్దరే ఉంటారు, ఒకరు లోపలి లేన్‌లో, ఇంకొకరు బయటి లేన్‌లో. మలుపు దగ్గర బయటివాడు ఎక్కువ దూరం పోవాలి కాబట్టి, ప్రతి రౌండులో వెనక వైపు సాపులో ఇద్దరూ లేన్లు మార్చుకోవాలి. అలా ప్రతి ఒక్కరికీ రౌండుకు ఒక లోపలి మలుపు, ఒక బయటి మలుపు వస్తాయి. పక్కవాణ్ని ఓడించడం లెక్కలోకి రాదు, గడియారమే తీర్పరి. అందరి జోడీలూ అయ్యాక ఎవరి సమయం తక్కువైతే వారిదే స్వర్ణం. లేన్ మారకపోతే డిస్‌క్వాలిఫై. స్కూలు పిల్లలకు కూడా తెలిసిన నియమమిది.

పదివేల మీటర్లంటే 25 రౌండ్లు. నడుం వంచి, చేతులు వీపు మీద పెట్టుకుని, తొడలు మండిపోతుంటే పన్నెండు పదమూడు నిమిషాల పాటు గంటకు 47 కిలోమీటర్ల వేగం పట్టి ఉంచాలి. ప్రతి రౌండూ ముప్పై సెకన్ల చిల్లర. మొదటి రౌండు ఎంతలో తిరిగాడో ఇరవయ్యో రౌండూ అంతలోనే తిరగడం క్రామర్ ప్రతిభ. చూసేవాళ్లకు విసుగు పుట్టించేంత సమానంగా ఉంటుంది అతని స్కేటింగ్. అలవాటు లేని కన్నుకు అక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది. థియాల్ఫ్ ప్రేక్షకులు మాత్రం రౌండు రౌండుకీ బోర్డు మీద పదో వంతు సెకను మారడం చూసి కేకలు పెడతారు. మంచు శుభ్రం చేసే విరామంలో క్లైంట్య పిల్స్ అనే బ్యాండు మేళం వాయిస్తుంది. నారింజ రంగు చొక్కాలవాళ్లు చేతులు పట్టుకుని ఊగుతారు. డచ్ చలికాలపు వారాంతం ఇలా ఉంటుంది.

ఆల్‌రౌండ్ చాంపియన్‌షిప్ ఈ ఆటలో అత్యంత పాత పోటీ. అధికారికంగా మొదటి ప్రపంచ విజేత కూడా డచ్చివాడే, 1893లో ఆమ్‌స్టర్‌డామ్‌లో గెలిచిన యాప్ ఏడెన్. పురుషులు రెండు రోజుల్లో నాలుగు దూరాలు స్కేట్ చేయాలి. మొదటి రోజు 500, 5,000 మీటర్లు, రెండో రోజు 1,500, 10,000. ప్రతి సమయాన్నీ 500 మీటర్ల సగటుకు తెచ్చి కూడతారు. ఎవరికి తక్కువ పాయింట్లు వస్తే వారే విజేత. ఈ లెక్కలో 500 మీటర్లలో పోగొట్టుకున్న ఒక్క సెకను, పదివేలలో ఇరవై సెకన్లతో సమానం. అంటే చిన్న దూరంలో మెరుపులా దూసుకెళ్లేవాడూ, పెద్ద దూరంలో ఊపిరి నిలబెట్టేవాడూ ఒకే మనిషిలో ఉండాలి. రన్నింగ్‌లో అలాంటివాడు దొరకడు. 400 మీటర్ల పరుగువీరుడు పదివేల మీటర్లకు రాడు.

క్రామర్ 500 మీటర్లలో ఎన్నడూ మేటి కాదు. అక్కడ పోయినదాన్ని అయిదు వేలలో కొంత రాబట్టి, చివరికి పదివేలలో వడ్డీతో సహా వసూలు చేసేవాడు. ఆల్‌రౌండ్ పోటీలో ఆఖరి పందెం పదివేలదే. అతని కిరీటాలన్నీ ఆ 25 రౌండ్ల మీదే నిలిచాయి. ఏ దూరం అతన్ని రాజును చేసిందో, ఒలింపిక్స్‌లో అదే దూరం అతనికి చివరిదాకా దక్కలేదు. క్రామర్ కెరీర్‌లో వింతంతా ఇదే.

తూరిన్‌లో జారిపడి, సాల్ట్‌లేక్‌లో ఎగిరి

2006 తూరిన్ ఒలింపిక్స్ నాటికి అతనికి 19 ఏళ్లు. అప్పటికే ఒకసారి అయిదు వేల మీటర్ల ప్రపంచ రికార్డు అతని పేర పడింది. తూరిన్‌లో అమెరికన్ చాడ్ హెడ్రిక్ వెనక రజతం వచ్చింది. టీమ్ పర్స్యూట్ సెమీఫైనల్లో ఇటలీ మీద ముగ్గురు డచ్ స్కేటర్లు వరుసకట్టి పోతుండగా, క్రామర్ కాలు లేన్ గుర్తు దిమ్మ మీద పడింది. తను పడటమే కాక వెనకనున్న కార్ల్ వెర్హైయెన్‌నూ పడేశాడు. ఇటలీ ఫైనల్‌కు వెళ్లి సొంతగడ్డ మీద స్వర్ణం గెలిచింది. డచ్చివాళ్లు కాంస్యంతో సరిపెట్టుకున్నారు. చిన్న దిమ్మ, పెద్ద నష్టం. నాలుగేళ్ల తర్వాత వచ్చిన దెబ్బ ముందు ఇది చీమకుట్టినట్టే.

ఆ తర్వాతి సీజన్ నుంచి అతన్ని ఆపినవాడు లేడు. 2007లో యూరోపియన్, ప్రపంచ ఆల్‌రౌండ్ టైటిళ్లు రెండూ గెలిచాడు. ప్రపంచ టైటిల్ సొంతూరు థియాల్ఫ్‌లోనే. అక్కడ పదివేల మీటర్లను 12 నిమిషాల 49.88 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టాడు. సముద్రమట్టంలో గాలి చిక్కగా ఉంటుంది, స్కేటర్‌ను వెనక్కి లాగుతుంది. ప్రపంచ రికార్డులు సాధారణంగా గాలి పలచగా ఉండే ఎత్తు ప్రాంతాల రింకుల్లో, కాల్గరీలోనో సాల్ట్‌లేక్ సిటీలోనో పడతాయి. అలాంటిది హేరెన్‌ఫేన్ పల్లంలో రికార్డు పెట్టడం సామాన్యం కాదు. నెల తిరక్కుండానే మార్చి 10న సాల్ట్‌లేక్ సిటీకి వెళ్లి దాన్ని 12 నిమిషాల 41.69 సెకన్లకు దించాడు. ఆ అంకె 2015 నవంబరు దాకా, ఎనిమిదేళ్లకు పైగా, ఎవరికీ అందలేదు. 2007 నవంబరులోనే కాల్గరీలో అయిదు వేల మీటర్లను 6 నిమిషాల 3.32 సెకన్లలో పూర్తిచేశాడు. ఆ రికార్డు పదేళ్లు నిలిచింది.

ఇక్కడ ఒక మాట. క్రామర్ తరానికి స్కేట్లు మారిపోయాయి. పాత స్కేట్‌లో ఇనుప పలక బూటుకు ముందూ వెనకా బిగించి ఉండేది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గెరిట్ యాన్ వాన్ ఇంగెన్ స్ఖెనావ్ బృందం వేలి దగ్గర కీలు పెట్టి, మడమ పైకి లేచినా పలక మంచును వదలకుండా చేసింది. తోపు చివరిదాకా బలం అందుతుంది, పలక తిరిగి టప్పుమని కొట్టుకుంటుంది. 1998 నగానో ఒలింపిక్స్ నాటికి ఆ స్కేట్ అందరి కాళ్లకూ చేరింది, రికార్డులు కుప్పకూలాయి. అందుకే 1972 సపోరోలో మూడు స్వర్ణాలు గెలిచిన ఆర్డ్ షెంక్ సమయాలతో క్రామర్ సమయాలను పోల్చి తగవులాడటం దండగ. ఎవరి కాలంలో ఎవరు ఎన్నేళ్లు ఏలారన్నదే పోల్చదగ్గ సంగతి. ఆ లెక్కలో క్రామర్ పక్కన నిలిచేవాడు లేడు. 2007 నుంచి 2017 వరకు అతను పాల్గొన్న ప్రతి అంతర్జాతీయ ఆల్‌రౌండ్ చాంపియన్‌షిప్పూ గెలిచాడు. తొమ్మిది యూరోపియన్, తొమ్మిది ప్రపంచ టైటిళ్లు. అంతకుముందు ప్రపంచ టైటిళ్ల రికార్డు అయిదు. నార్వేవాడు ఆస్కార్ మాథీసెన్, ఫిన్లాండ్‌వాడు క్లాస్ థున్‌బెర్గ్ దాన్ని ఏనాటినుంచో పంచుకుంటున్నారు. 2013లో క్రామర్ దాన్ని దాటేశాడు.

లోపలికా, బయటికా?

2010 ఫిబ్రవరి 23. రిచ్‌మండ్ ఒలింపిక్ ఓవల్. పదివేల మీటర్లు. పది రోజుల కిందటే అయిదు వేలు గెలిచిన క్రామర్‌కు ఇది రెండో స్వర్ణం కావాలి. మూడేళ్లుగా ఈ దూరంలో అతనే ప్రపంచ చాంపియన్. చివరి జోడీలో రష్యన్ ఇవాన్ స్కోబ్రెవ్‌తో బరిలోకి దిగాడు. అంతకుముందే కొరియా యువకుడు లీ సుంగ్ హూన్ 12 నిమిషాల 58.55 సెకన్లతో కొత్త ఒలింపిక్ రికార్డు పెట్టి కూర్చున్నాడు. షార్ట్ ట్రాక్ జట్టులో చోటు దొరక్క, అంతకు ఏడాది లోపలే ఈ ఆటలోకి వచ్చినవాడు లీ.

క్రామర్ రౌండు రౌండుకీ ఆ సమయాన్ని కొరుక్కుంటూ పోతున్నాడు. ఇంకా ఎనిమిది రౌండ్లున్నాయి. లేన్లు మారే సాపులో కోచ్ గెరార్డ్ కెమ్‌కర్స్ ఎప్పటిలాగే రౌండు సమయాల బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. కెమ్‌కర్స్ కొత్తవాడు కాదు. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో అయిదు వేల మీటర్ల కాంస్యం గెలిచినవాడు. క్రామర్ లోపలి లేన్ నుంచి వస్తున్నాడు, బయటి లేన్‌కు పోవాలి. అటే కదిలాడు కూడా. అప్పుడే కెమ్‌కర్స్ వేలు చూపిస్తూ లోపలికి, లోపలికి అని అరిచాడు. ఒక్క క్షణం లెక్క తప్పింది, అంతే. క్రామర్ ఆఖరి క్షణంలో కాళ్లు మళ్లించి, గుర్తు దిమ్మల మధ్యనుంచి లోపలి లేన్‌లోకి దూరాడు. స్కోబ్రెవ్ కూడా అదే లేన్‌లో ఉన్నాడు. స్టేడియంలో తెలిసినవాళ్లంతా తలలు పట్టుకున్నారు. తెలియనిది క్రామర్ ఒక్కడికే. మిగతా ఎనిమిది రౌండ్లూ అదే లయలో తిరిగి, 12 నిమిషాల 54.50 సెకన్లతో గీత దాటాడు. లీ కంటే నాలుగు సెకన్లు ముందు.

అప్పుడు కెమ్‌కర్స్ దగ్గరికొచ్చి చెప్పాడు. క్రామర్ కళ్లద్దాలు తీసి విసిరికొట్టాడు.

లెక్క వేసి చూద్దాం. రెండు లేన్ల మధ్య తేడా నాలుగు మీటర్లు. ఆ లెక్కన ఒక మలుపులో మిగిలే దూరం పన్నెండు మీటర్ల పైచిలుకు, సమయంలో చెప్పాలంటే సుమారు సెకను. క్రామర్ ఆధిక్యం నాలుగు సెకన్లు. అంటే సరైన లేన్‌లోకే వెళ్లి పూర్తి దూరం తిరిగినా స్వర్ణం అతనిదే అయ్యేది. తప్పు వల్ల వచ్చిన లాభం అక్కర్లేని లాభం. నియమం మాత్రం లాభనష్టాలు చూడదు. స్వర్ణం లీకి, రజతం స్కోబ్రెవ్‌కు, కాంస్యం మరో డచ్చివాడు బాబ్ డె యోంగ్‌కు దక్కాయి. పూలు ఇచ్చే వేదిక మీద ఆ ఇద్దరూ కలిసి లీని భుజాలకెత్తుకున్నారు. గెలిచినవాడి మీద ఎవరికీ కోపం లేదు.

ఆ రాత్రి డచ్ టీవీల్లో అదే దృశ్యం మళ్లీ మళ్లీ తిరిగింది. దేశంలో ప్రతివాడూ ఆ అరసెకనుకు న్యాయమూర్తయ్యాడు. తప్పు ఎవరిది? కోచ్‌దా, ఆటగాడిదా? మొదటి మంటలో క్రామర్ కోచ్ మాట నమ్మి చెడ్డానన్నాడు. కాసేపటికే, మంచు మీద ఉన్నది నేను, బాధ్యతా నాదే అన్నాడు. కెమ్‌కర్స్ సాకులు వెతకలేదు, తప్పు పూర్తిగా తనదేనన్నాడు.

ఆ తర్వాత జరిగిందే ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. అందరూ ఎదురుచూసిన విడాకులు జరగలేదు. నెల తిరక్కుండానే, మార్చిలో, థియాల్ఫ్‌లో ప్రపంచ ఆల్‌రౌండ్ పోటీలు. అదే క్రామర్, అదే కెమ్‌కర్స్, అదే బోర్డు. నాలుగో ప్రపంచ టైటిల్. టీవీఎం అనే బీమా కంపెనీ పేరిట నడిచిన ఆ జట్టులో ఇద్దరూ మరో నాలుగేళ్లు కలిసే పనిచేశారు. ఓడితే కోచ్‌ను తొలగించడం క్రీడల్లో నిత్యం చూసే తంతు. ఇక్కడ ప్రపంచమంతా చూసిన తప్పు, అదీ ఒప్పుకున్న తప్పు. అయినా క్రామర్ ఆ మనిషిని వదులుకోలేదు. కళ్లద్దాలు విసిరికొట్టినవాడే మళ్లీ ఆ కోచ్ చేతి సైగను నమ్మి స్కేట్ చేశాడు. పతకాల జాబితాలో దీనికి చోటుండదు గాని, నా మటుకు నాకు అతని కెరీర్‌లో ఇదే పెద్ద గెలుపు.

మళ్లీ అదే దూరం

తర్వాతి సీజన్ మొత్తం తొడ గాయంతో పోయింది. 2012 జనవరిలో బుడాపెస్ట్ నగర ఉద్యానవనంలోని ఆరుబయటి రింకులో యూరోపియన్ టైటిల్ గెలిచి మళ్లీ సింహాసనం ఎక్కాడు. అప్పట్నుంచి 2014 సోచీ ఒలింపిక్స్ దాకా దేశమంతా ఒక్క లెక్కే వేసుకుంది. పదివేల బాకీ తీరుతుందా, లేదా?

సోచీలో డచ్చివాళ్లు రెచ్చిపోయారు. స్పీడ్ స్కేటింగ్‌లో ఉన్న 36 పతకాల్లో 23 వాళ్లవే. మిగతా దేశాలు ఇదేం ఆట, డచ్ జాతీయ పోటీలా ఉందని సణిగాయి. సణుగుడులో నిజముంది. ఒకే దేశం ఇలా ఊడ్చేస్తే ఆటకు మంచిది కాదు. అయిదు వేలలో మొదటి మూడు స్థానాలూ డచ్చివాళ్లవే, క్రామర్‌కు 6 నిమిషాల 10.76 సెకన్ల కొత్త ఒలింపిక్ రికార్డుతో స్వర్ణం. యాన్ బ్లోక్‌హౌజెన్, కూన్ వెర్వైలతో కలిసి టీమ్ పర్స్యూట్ ఫైనల్లో కొరియాను ఓడించి మరో స్వర్ణం. ఓడిన కొరియా జట్టులో లీ సుంగ్ హూన్ ఉన్నాడు. ఇక పదివేలు. ఫ్రీస్‌లాండ్‌కే చెందిన యోరిట్ బెర్గ్స్‌మా 12 నిమిషాల 44.45 సెకన్లు పెట్టాడు. క్రామర్ 12 నిమిషాల 49.02 సెకన్ల దగ్గర ఆగాడు. ఈసారి లేన్ తప్పలేదు, కోచ్ తప్పలేదు. ఎదుటివాడు మెరుగ్గా స్కేట్ చేశాడు. రజతం. వాంకూవర్‌లో దక్కాల్సింది పోయింది, సోచీలో దక్కనిది దక్కలేదు. రెండూ ఒకటి కావు. అయినా పత్రికలు రెండిటినీ ఒకే శాపం కింద రాసేశాయి.

2018లో కొరియాలోని గాంగ్నంగ్ ఓవల్. కోచ్ ఇప్పుడు యాక్ ఓరీ. అయిదు వేలలో 6 నిమిషాల 9.76 సెకన్లు, మళ్లీ ఒలింపిక్ రికార్డు, వరుసగా మూడో స్వర్ణం. స్పీడ్ స్కేటింగ్‌లో ఒకే పోటీని మూడు ఒలింపిక్స్‌లో గెలిచిన మొదటి పురుషుడయ్యాడు. నాలుగు రోజుల తర్వాత పదివేలలో కాళ్లు చచ్చుబడిపోయాయి. పదమూడు నిమిషాలు దాటింది, ఆరో స్థానం. గెలిచినవాడు కెనడా జెర్సీ వేసుకున్న టెడ్ యాన్ బ్లూమెన్. డచ్ జట్టులో నిలదొక్కుకోలేక, తండ్రి పుట్టిన దేశమైన కెనడాకు 2014లో వలసపోయిన డచ్చివాడు. క్రామర్ రెండు ప్రపంచ రికార్డులనూ తుడిచేసింది కూడా ఇతనే. డచ్చివాడు తప్పుకున్న చోట మరో డచ్చివాడే నిలబడ్డాడన్నమాట.

ఆ ఒలింపిక్స్‌లో ఇంకో మరక కూడా ఉంది. టీమ్ పర్స్యూట్ కాంస్యం తర్వాత డచ్ అభిమానుల విడిది గృహంలో సంబరాలు జరుగుతుంటే, స్కేటర్లు ఒక బరువైన పెద్ద పతక ఫలకాన్ని జనంలోకి వదిలారు. అది తగిలి ఇద్దరు కొరియన్ అభిమానులు గాయపడ్డారు. క్రామర్ క్షమాపణ చెప్పాడు. అభిమానంతో రాసే వ్యాసాల్లో ఇది కనిపించదు గాని దాచాల్సిన పని లేదు.

అదే ఏడాది మార్చిలో, 1928 ఒలింపిక్స్ కోసం కట్టిన ఆమ్‌స్టర్‌డామ్ స్టేడియంలో మంచు పరిచి ప్రపంచ ఆల్‌రౌండ్ పోటీలు పెట్టారు. టైటిల్ యువకుడు పాట్రిక్ రూస్ట్‌కు వెళ్లింది. పద్దెనిమిది టైటిళ్ల వరుస అక్కడ తెగింది. తర్వాత వెన్నునొప్పి ముదిరింది. జీవిత సహచరి, రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన హాకీ క్రీడాకారిణి నవోమి వాన్ ఆస్‌తో కూతురు పుట్టింది. గెలుపులు అరుదయ్యాయి.

పక్కనే నడిచిన మరో మనిషి

క్రామర్ గురించి రాసేటప్పుడు ఇరీన్ వూస్ట్ పేరు చివర్లో ఒక వాక్యంగా వేసి ఊరుకోవడం అలవాటైంది. అది న్యాయం కాదు. క్రామర్ కన్నా 22 రోజులు పెద్దయిన ఈ డచ్ స్కేటర్ కూడా అయిదు ఒలింపిక్స్ ఆడింది. ఆరు స్వర్ణాలతో సహా 13 పతకాలు గెలిచింది. అయిదు వేర్వేరు ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచిన మొదటి క్రీడాకారిణి ఆమే, ఏ ఆటలోనైనా సరే. ఒలింపిక్ పతకాల తక్కెడలో పెడితే ఆమె వైపే మొగ్గుతుంది. అయినా ఎక్కువ పేజీలు క్రామర్‌కే దక్కాయి. వాంకూవర్ లాంటి దుఃఖకథ ఆమెకు లేకపోవడం ఒక కారణం. గెలిచినవాళ్లకన్నా గెలుపు చేజారినవాళ్ల మీద పత్రికలకు ప్రీతి ఎక్కువ. ఈ వ్యాసం కూడా అందుకు మినహాయింపేమీ కాదు.

2022 బీజింగ్ ఒలింపిక్స్‌తో ఇద్దరూ ముగించారు. క్రామర్ అయిదు వేలలో తొమ్మిదో స్థానంలో నిలిచాడు, టీమ్ పర్స్యూట్‌లో నాలుగోస్థానం. అక్కడ స్వీడన్‌వాడు నిల్స్ వాన్ డెర్ పూల్ రెండు పెద్ద దూరాలూ గెలిచి, పదివేలలో 12 నిమిషాల 30.74 సెకన్ల ప్రపంచ రికార్డు పెట్టాడు. క్రామర్ 2007లో పెట్టిన ప్రపంచ రికార్డు కంటే పది సెకన్లకు పైగా తక్కువ. మార్చిలో థియాల్ఫ్‌లో ప్రపంచ కప్ ఫైనల్ సందర్భంగా సొంతూరి జనం ఇద్దరికీ వీడ్కోలు చెప్పారు.

మొదట అడిగిన ప్రశ్నలో మూడో ముక్క, ఏం గెలిచాడన్నది, ఇప్పుడు లెక్క చెప్పవచ్చు. ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు, రెండు రజతాలు, మూడు కాంస్యాలు. ప్రపంచ సింగిల్ డిస్టెన్సెస్ పోటీల్లో 21 స్వర్ణాలు, అందులో పదివేల మీటర్లవే అయిదు. ఒలింపిక్ పదివేలు లేకపోతే ఏమిటట? పాత తరం ఆర్డ్ షెంక్ పేరు చెబుతుంది, చెప్పనివ్వండి. పదేళ్ల పాటు నాలుగు దూరాల మీద తాను దిగిన పోటీల్లో ఒక్క టైటిల్ కూడా వదలనివాడు స్పీడ్ స్కేటింగ్ చరిత్రలో ఇంకొకడు లేడు. ఆల్‌రౌండ్ స్కేటర్లందరిలో క్రామరే మొదటివాడు.